ఎమర్సన్ ‘నిన్ను నువ్వు నమ్ముకో’ అన్నాడు సరే, లోపలున్న ఏ గొంతును నమ్మాలి?

మీ ప్రశ్నను కాస్త కుదించి మళ్ళీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ళకు వీలుగా ఉంటుందని. “అమెరికన్ రచయిత ఎమర్సన్ ‘సెల్ఫ్ రిలయన్స్’ వ్యాసం రెండుసార్లు చదివాను. నిన్ను నువ్వు నమ్ముకో అంటాడు. నా మనసేమో పొద్దున ఒకటి చెబుతుంది, సాయంత్రానికి ఇంకోటి చెబుతుంది. ఉద్యోగం మానేసి నచ్చిన పనిలోకి వెళ్ళాలని ఉంది, ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. లోపల మాట్లాడేది నిజంగా నేనా, నా అహంకారమా? అయినా ఆయనకు భార్య తరఫు ఆస్తి ఉండబట్టే ఇలాంటి మాటలు చెప్పగలిగాడేమో?”

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మనసుకు తట్టిన ప్రతి మాటనూ నమ్మమని ఆయన అనలేదు. మీకు నిజమని తోచి, ‘నాకు తోచిందే కదా, దీనికేం విలువ’ అని మీరే పక్కకు నెట్టేసిన మాట ఒకటి ఉంటుంది. దాన్ని వెనక్కి పిలవమన్నాడు. అది అహంకారమా కాదా అన్నది ఆ పూటకు తేలదు. కొన్నాళ్ళు ఆగితే తేలుతుంది, దానికోసం మీరు ఏం వదులుకోగలరో చూస్తే తేలుతుంది. ఇక ఆస్తి సంగతి: అవును, ఉంది. దాన్ని కప్పిపెట్టకుండా చదివితేనే ఆ వ్యాసం మనబోటివాళ్ళకు పనికొస్తుంది.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ వ్యాసాన్ని పాతికేళ్ళకు పైగా క్లాసులో చెప్పాను. అందులో మొదటి పదేళ్ళూ తప్పుగా చెప్పాను. ఎలా తప్పో కూడా చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అదే తప్పు నీడ కనబడుతోంది.

మొదటి చిక్కు మాటలోనే ఉంది. ‘సెల్ఫ్ రిలయన్స్’ని ఆత్మవిశ్వాసం అంటాం. ఆత్మవిశ్వాసం అనగానే మనకు గుర్తొచ్చేది ఛాతీ విరుచుకుని మాట్లాడటం, ఇంటర్వ్యూలో తడబడకపోవడం. లేదంటే స్వావలంబన అంటాం. అది వినగానే పొదుపు సంఘం, కుట్టుమిషను గుర్తొస్తాయి. రెండూ చెడ్డవి కావు, కానీ ఆయన చెప్పింది ఆ రెండూ కాదు. వ్యాసం మొదటి పేరా మళ్ళీ తీసి చూడండి. పౌరుషంతో మొదలవదు. ఒక చిత్రకారుడు రాసిన పద్యాలు ఈమధ్య చదివానని మొదలుపెడతాడు. వాటిలో సొంత గొంతు వినబడిందంటాడు. అక్కణ్ణుంచి అసలు మాటకొస్తాడు: గొప్పవాళ్ళ రచనల్లో మనకు తగిలేవి చాలావరకు మనం ఎప్పుడో తోసిపుచ్చిన మన ఆలోచనలే, పరాయి వేషంలో దర్జాగా తిరిగొచ్చి మన ముందు నిలబడతాయి అని.

ఇది నాకు పుస్తకంలో కంటే ఒక మీటింగులో బాగా అర్థమైంది. సిలబస్ మార్చడానికి పదిమందిమి కూర్చున్నాం. ఒక పాఠం గురించి నాకో అభ్యంతరం తోచింది. పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకు తెలియనిదా అని నోరు మూసుకున్నాను. గంట తర్వాత, కొత్తగా చేరిన కుర్రాడొకడు అచ్చం అదే మాట అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. నేనూ తల ఊపాను. ఇంటికెళ్ళేదాకా ఒకటే చికాకు. నా మాట అతను ఎత్తుకుపోయాడన్న చికాకు కాదది. నా మాటను నేనే చులకన చేశానన్నది. ఎమర్సన్ పట్టుకున్నది ఆ చికాకును. మీకూ ఇలాంటి రోజు ఒకటైనా ఉండి ఉంటుంది, దాన్ని గుర్తు తెచ్చుకుని వ్యాసం మళ్ళీ చదవండి, వేరేగా కనబడుతుంది.

ఏ గొంతును నమ్మాలి అన్నదానికి. సరదా ఏమిటంటే మీ ప్రశ్న వ్యాసంలోనే ఉంది. చిన్నప్పుడు ఒక పెద్దాయన, ‘ఈ ప్రేరణలు నీకు పైనుంచి కాక కిందనుంచి వస్తున్నాయేమో’ అన్నాడట. దానికి తన జవాబు: నాకలా అనిపించడం లేదు, ఒకవేళ నేను సైతాను బిడ్డనే అయితే సైతానుగానే బతుకుతాను. క్లాసులో ఈ వాక్యం దగ్గర పిల్లలు ఈలలు వేసేవాళ్ళు. నాకు మాత్రం ఎప్పుడూ తృప్తి కలగలేదు. అది కుర్రతనపు జవాబు. వాదనకు పనికొస్తుంది గానీ, రాత్రి నిద్రపట్టక లేచి కూర్చున్నవాడికి పనికిరాదు. అంతకంటే మంచి జవాబు ఆయన బతుకులో ఉంది. అందుకే ఆ మనిషి ఎలా బతికాడో కొంచెం చెప్పాలి.

రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ 1803లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. పిల్లాడికి ఎనిమిదేళ్ళు నిండకముందే, 1811లో పోయాడు. పద్నాలుగేళ్ళకు హార్వర్డ్‌లో చేరాడు. తర్వాత బడిపంతులుగా చేసి, మతశాస్త్రం చదివి, 1829లో బోస్టన్ సెకండ్ చర్చిలో తండ్రి వృత్తిలోకే వచ్చాడు. అదే ఏడు ఎలెన్ టకర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1831 ఫిబ్రవరిలో ఆమె క్షయతో పోయింది, పంతొమ్మిదేళ్ళ వయసులో. మరుసటేడు, 1832లో, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారాన్ని తాను ఇక జరిపించలేనని చెప్పి ఆ పదవి వదిలేశాడు. తప్పని ఎవరినీ తిట్టలేదు. మీకు అందులో అర్థం కనబడితే జరుపుకోండి, నా మనసు అందులో లేదు, మనసు లేకుండా జరిపించడం నావల్ల కాదు అన్నాడు. చిత్తశుద్ధి లేని శివపూజ గురించి చిన్నప్పుడే కంఠస్థం చేసినవాళ్ళం, మనకు ఈ మాట కొత్తేమీ కాదు. కాకపోతే పద్యం చెప్పడం వేరు, జీతం వచ్చే పీఠం దిగిపోవడం వేరు.

ఇక్కడ గమనించాల్సింది, ఆ నిర్ణయం ఒక్క రాత్రిలో పుట్టలేదు. 1820లో హార్వర్డ్ విద్యార్థిగా మొదలుపెట్టిన డైరీ ఆయన యాభై ఏళ్ళకు పైగా రాశాడు. దాన్ని తన పొదుపు ఖాతా అనేవాడు. రోజూ తోచింది అందులో వేస్తాడు, విషయాలవారీగా సూచికలు తయారుచేసుకుంటాడు. నెలలు, ఏళ్ళు గడిచాక వెనక్కి వెళ్ళి చూస్తాడు. నిలిచిన ముక్కలు ఉపన్యాసాలవుతాయి, ఉపన్యాసాల్లో పదిమంది ముందు నిలబడగలిగినవి వ్యాసాలవుతాయి. 1841లో అచ్చయిన ఈ వ్యాసంలో పదేళ్ళ నాటి డైరీ ముక్కలు కూడా ఉన్నాయి. అప్పటికప్పుడు పొంగుకొచ్చినట్టు కనబడే ఆ వాక్యాలు నిజానికి ఏళ్ళ తరబడి మాగినవి.

కాబట్టి నేను పాటించేది, మీకు చెప్పగలిగేది ఇదే: తోచిన మాటను తోచిన రోజే రాయండి, ఆ రోజే ఆచరించకండి. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ‘ఉద్యోగం మానేయాలి’ అని రాస్తే సరిపోదు. ఆ క్షణంలో ఏం జరిగింది, ఎవరేమన్నారు, ఎందుకనిపించింది, ఇవన్నీ రాయండి. మూడు నెలలు వెనక్కి చూడకండి. నేను ఇలా చేసినప్పుడు నాకే సిగ్గేసింది. గొప్ప ఆత్మబోధ అనుకుని రాసుకున్నవాటిలో చాలావరకు ఎవరో ఆ రోజు నన్ను తక్కువ చేశారన్న కడుపుమంట. ప్రతిదాని ముందూ ఒక మనిషి ముఖం ఉంది. ‘వాడికి చూపిస్తాను’ అన్నది ఉంది. అవన్నీ తీసేస్తే మిగిలినవి రెండో మూడో. వాటి ముందు ఎవరి ముఖమూ లేదు. కోపంగా ఉన్నప్పుడూ, కడుపునిండా తిని కూర్చున్నప్పుడూ, జ్వరంలో పడుకున్నప్పుడూ అవే వచ్చాయి. అహంకారానికి ప్రేక్షకులు కావాలి. లోపలి నిజమైన గొంతుకు అక్కర్లేదు. ఈ తేడా నాకు తెలిసినంతలో పని చేసింది, అందరికీ చేస్తుందని హామీ ఇవ్వను.

ఇప్పుడు నా తప్పు. మొదటి పదేళ్ళూ ఈ వ్యాసాన్ని తప్పుగా చెప్పానన్నాను కదా, నినాదంలా చెప్పాను. అనుకరణ ఆత్మహత్య, మనిషై పుట్టినవాడు లోకానికి తలవంచకూడదు, అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఒక కుర్రాడు అది విని, ఇంట్లోవాళ్ళు చేర్పించిన కోర్సు మధ్యలో వదిలేశాడు. బాగా చదివేవాడు. నేను పొంగిపోయాను, స్టాఫ్ రూములో చెప్పుకున్నాను కూడా. ఏడెనిమిదేళ్ళ తర్వాత కలిశాడు. చితికిపోలేదు గానీ చాలా తిరిగాడు, చాలా పోగొట్టుకున్నాడు. నిష్ఠూరం లేకుండానే ఒక మాటన్నాడు: “ఆ నిర్ణయం నాది కాదు మాస్టారూ, మీది. నేను మీ గొంతును నా గొంతు అనుకున్నాను.”

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. నిన్ను నువ్వు నమ్ముకో అని పంతులు చెబితే నమ్ముకున్నవాడు నమ్మింది పంతుల్ని. ఎమర్సన్ చెబితే నమ్ముకున్నవాడూ అంతే. ‘వినదగునెవ్వరు చెప్పిన’ అని మొదలయ్యే పద్యంలో అందరికీ మొదటి పాదమే గుర్తుంటుంది. విన్నంతనే వేగపడక వివరించుకోమన్న రెండో పాదం ఎమర్సన్‌కూ వర్తిస్తుంది, ముఖ్యంగా ఎమర్సన్‌కు. మీరు కూడా ఈ వ్యాసం చదివాక ఉద్యోగం మానాలనిపించిందా, మానాలనిపించి ఈ వ్యాసం వెతుక్కున్నారా, అది ఒకసారి చూసుకోండి. మొదటిదైతే ఇంకొంచెం ఆగండి.

ఆస్తి గురించి. దీన్ని చాలామంది దాటవేస్తారు. ఎలెన్ వ్యాపారస్తుల ఇంటి పిల్ల. ఆమె వాటా కోసం ఎమర్సన్ కోర్టుకెళ్ళాల్సి వచ్చింది. సగం 1834లో, మిగతా సగం 1837లో చేతికొచ్చింది. 1838లో స్నేహితుడైన స్కాట్లండ్ రచయిత కార్లైల్‌కు రాసిన ఉత్తరంలో లెక్క తనే చెప్పాడు: తన దగ్గర సుమారు 22,000 డాలర్లున్నాయి, మామూలు ఏడాదిలో నూటికి 6 చొప్పున రాబడి వస్తుంది, ఆ చలికాలం ఉపన్యాసాల మీద 800 డాలర్లు వచ్చాయి, అని. అంటే ఏడాదికి 1,300 డాలర్ల పైచిలుకు కూర్చున్నచోటికి వచ్చేది. బోస్టన్ దగ్గరి కాంకర్డ్ అనే ఊళ్ళో ఇల్లు 3,500 డాలర్లకు కొన్నాడు, దాన్నిబట్టి ఆ రాబడి ఎంతటిదో అంచనా వేసుకోవచ్చు. సుఖమైన స్థితి.

కాబట్టి మీ అనుమానం అన్యాయం కాదు. కానీ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. పీఠం దిగింది 1832లో. డబ్బు చేతికి రావడం మొదలైంది 1834లో. మధ్యలో ఆరోగ్యం బాగాలేక యూరప్ వెళ్ళాడు, తిరిగొచ్చి ఉపన్యాసాలతో పొట్టపోసుకునే దారి వెతుక్కున్నాడు. వస్తుందన్న ఆశ ఉండే ఉంటుంది, అది కాదనను. అయినా దిగేనాటికి చేతిలో లేదు. ఆ తర్వాత కూడా రాబడి చాలక ఏటా చలికాలం బళ్ళలో, రైళ్ళలో, గడ్డకట్టిన నదుల మీదుగా ఊరూరూ తిరిగి మాట్లాడాడు. జీవితం మొత్తం మీద సుమారు 1,500 ఉపన్యాసాలంటారు. నేనైతే ఈ కథలో నేర్చుకునేది రెండు వైపులా ఉంటుంది: డబ్బు ఉన్నందువల్ల ఆ గొంతుకు స్థిరత్వం వచ్చింది, డబ్బుతోనే ఆ గొంతు పుట్టలేదు. ఆస్తి ఉన్నవాళ్ళు బోస్టన్‌లో చాలామంది ఉన్నారు, వాళ్ళెవరూ ఈ వ్యాసం రాయలేదు. ఆస్తి లేనివాడు మాత్రం ఈ వ్యాసం చదివి, లెక్క వేయకుండా దూకకూడదు. ఎమర్సన్ లెక్క వేశాడు, కార్లైల్‌కు చెప్పేంత వివరంగా.

ఏం వదులుకోగలరో చూడాలన్నాను కదా, దాని గురించి. 1838 జులై 15న హార్వర్డ్ మత కళాశాలలో చదువు ముగిస్తున్న విద్యార్థుల ముందు మాట్లాడాడు. క్లాసు చాలా చిన్నది, వచ్చినవాళ్ళలో అధ్యాపకులు, పాస్టర్లు ఎక్కువ. పాత కాలపు అద్భుతాలను పట్టుకుని వేలాడటం మాని, దైవాన్ని ఎవరికి వాళ్ళు నేరుగా తెలుసుకోండి అన్నాడు. గొడవ చెలరేగింది. నాస్తికుడన్నారు, పత్రికల్లో తిట్టారు. దాదాపు ముప్పై ఏళ్ళు హార్వర్డ్ ఆయన్ని మళ్ళీ మాట్లాడటానికి పిలవలేదు. ఆయన ఎదురు జవాబులు రాయలేదు. ఒకప్పుడు సెకండ్ చర్చిలో తనకు పెద్దదిక్కుగా ఉన్న హెన్రీ వేర్, నీ వాదనలేమిటో చెప్పమని ఉత్తరం రాస్తే మర్యాదగా ఒక జవాబిచ్చాడు: నాకు తోచింది చెప్పడంలో ఆనందం ఉంది, అలా ఎందుకంటున్నావు, ఎలా నిరూపిస్తావు అంటే నా అంత నిస్సహాయుడు లేడు, అని.

ఈ జవాబు కొందరికి గొప్పగా అనిపిస్తుంది. నాకు సగమే నచ్చుతుంది. తిట్టినవాళ్ళను తిరిగి తిట్టకుండా తన పని తాను చేసుకోవడం, అది నిజంగా బలం. వాదన అడిగితే చేతులెత్తేయడం మాత్రం అందరూ అనుసరించదగింది కాదు. మనలో ఎంతమంది ‘నా ఫీలింగ్ అంతే’ అని చెప్పి తప్పించుకోవడం లేదు? ఇంట్లోవాళ్ళు ‘ఎందుకు మానేస్తావు, రేపు ఎలా’ అని అడిగితే దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. వాళ్ళు హార్వర్డ్ పండితులు కారు, మీ జీతం మీద నెల గడిపేవాళ్ళు.

పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి. దీని మీద ఆయన మాట బాగా ప్రసిద్ధం, బాగా వంకరపోయింది కూడా. మూర్ఖపు నిలకడ చిన్న బుర్రలను పట్టే దయ్యం అన్నాడు. అందరూ ఆ ‘మూర్ఖపు’ అన్న విశేషణాన్ని వదిలేసి, మాట మార్చడానికి లైసెన్సులా వాడతారు. ఆయన అన్నది ఇది: నిన్న అన్నానన్న ఒక్క కారణంతో, ఇవాళ కళ్ళెదుట కనబడేదాన్ని కాదనకు. వెంటనే ఓడ పోలిక తెస్తాడు. గాలివాటుకు అటూ ఇటూ వంద మలుపులు తిరుగుతూ పోయిన ఓడ దారిని దూరం నుంచి చూస్తే, మొత్తం మీద ఒకే దిక్కుగా కనబడుతుంది. మీ మనసు రోజుకోరకంగా మారుతుందని బాధపడకండి, మారనివ్వండి. మూడు నెలల నోటుబుక్కు చూడమన్నది ఈ దూరం కోసమే. మలుపులన్నీ కలిపి ఎటో ఒక దిక్కు తేలితే అది మీ దిక్కు. ఏ దిక్కూ తేలలేదంటే ఇంకా మీకు తెలియదన్నమాట. తెలియనప్పుడు కదలకపోవడం పిరికితనం కాదు.

ఒప్పుకోవలసిన లోపం ఒకటుంది, పెద్దదే. వ్యాసంలో ఒకచోట, పేదలందరినీ బాగుచేసే బాధ్యత నాకుందని చెప్పకండి, వాళ్ళు నా పేదలా అంటాడు. సిగ్గుపడుతూనే అప్పుడప్పుడూ ఒక డాలరు ఇస్తున్నానని, అది చెడ్డ డాలరని కూడా అంటాడు. విరాళాల పేరుతో మంచివాడనిపించుకునే ఆరాటం మీద విసురు అది, అర్థం చేసుకోగలను. అయినా ప్రతిసారీ ఈ పేరా దగ్గర నా గొంతు తగ్గేది. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, “మేం ఆ డాలరుతోనే చదువుకుంటున్నాం సార్” అంది. స్కాలర్‌షిప్పు పిల్ల. నా దగ్గర జవాబు లేదు, ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశాను.

ఎమర్సన్ కూడా అక్కడే ఆగిపోలేదన్నది తర్వాత తెలుసుకున్నాను. 1838లో అమెరికా ఆదివాసులైన చెరోకీ తెగవాళ్ళను వాళ్ళ నేల నుంచి వెళ్ళగొడుతుంటే అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కు బహిరంగ లేఖ రాశాడు. రాసి, అది తన పని కాదన్నట్టు డైరీలో విసుక్కున్నాడు కూడా. బానిసత్వం విషయంలో చాలాకాలం పక్కన నిలబడి చూశాడు. 1844లో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. 1850లో పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించాలన్న చట్టం వచ్చింది. తాను యువకుడిగా ఆరాధించిన రాజకీయ నాయకుడు డేనియల్ వెబ్‌స్టరే దాన్ని సమర్థించాడు. ఎమర్సన్ ఆ చట్టాన్ని పాటించనని డైరీలో ఒట్టేసి రాసుకున్నాడు, మరుసటేడు సొంత ఊళ్ళో నిలబడి వెబ్‌స్టర్‌ను పేరుపెట్టి ఖండించాడు. వాళ్ళు నా పేదలా అని అడిగినవాడికి పదేళ్ళలో జవాబు దొరికింది. దానికి ఇంట్లో రెండో భార్య లిడియన్, ఊళ్ళో బానిసత్వ వ్యతిరేక సంఘం ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి చెవిన పోరారు. తనను తాను నమ్ముకోమన్న మనిషి ఇంట్లోవాళ్ళ పోరుతో మారాడు, మారినందుకు మెరుగయ్యాడు. ఇంట్లో ఇష్టం లేదన్న మీ మాట చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

ఇంకో వ్యాసం కూడా చదవకుండా ఈయన్ని వదలకండి. 1842 జనవరిలో పెద్దకొడుకు వాల్డో స్కార్లెట్ జ్వరంతో పోయాడు, ఐదేళ్ళ పిల్లాడు. అప్పటికే మొదటి భార్య, ఇద్దరు తమ్ముళ్ళు క్షయతో పోయారు. 1844లో వచ్చిన రెండో సంపుటిలో ‘ఎక్స్‌పీరియన్స్’ అనే వ్యాసం ఉంది. అందులో గుండెలు బాదుకోవడం ఉండదు. కొడుకు పోవడం ఒక మంచి ఆస్తి పోయినట్టుంది, అంతకంటే దగ్గరికి తెచ్చుకోలేకపోతున్నాను అంటాడు. మొదట చదివినప్పుడు రాయి అనుకున్నాను. మా నాన్నగారు పోయిన ఏడు మళ్ళీ చదివాను. దుఃఖం కూడా తనను లోపలిదాకా తాకడం లేదన్న దుఃఖం అది. కర్మకాండలన్నీ సక్రమంగా జరిపి, ఏమీ అనిపించక, ఏమీ అనిపించలేదని భయపడ్డ కొడుకుగా నాకు ఆ వాక్యం ఒక్కటే తోడొచ్చింది. మొదటి వ్యాసంలో గుండె తీగ మీద చెయ్యివేసి నమ్ము అన్నవాడు, మూడేళ్ళకు ఆ తీగ పలకడం లేదని కూడా రాశాడు. సత్యం విషయంలో ఈయన మీద నాకు గురి కుదిరింది అక్కడ.

నాలుగు చిన్న విషయాలు, గబగబా. గీత చదివి ఈ వ్యాసం రాశాడని మనవాళ్ళు కొందరు గర్వంగా చెబుతుంటారు. గీతను ఇష్టంగా చదివిన మాట నిజమే, దానివల్ల ఒక మహత్తరమైన రోజు గడిచిందని డైరీలో రాసుకున్నాడు. కానీ గీతను చదివింది 1845 ప్రాంతంలో, వ్యాసం 1841ది. మన తత్వం గురించి అంతకుముందే అక్కడక్కడా చదివాడు, అయినా ఈ వ్యాసాన్ని గీత ఖాతాలో వేయడానికి తేదీలు ఒప్పుకోవు. గీత ప్రభావం స్పష్టంగా కనబడేది 1857లో అచ్చయిన ‘బ్రహ్మ’ అనే కవితలో. చంపేవాడు చంపాననుకుంటే, చచ్చినవాడు చచ్చాననుకుంటే ఇద్దరికీ తెలియదు అంటూ మొదలవుతుంది, రెండో అధ్యాయం చదివినవాళ్ళకు ఆ శ్లోకం వెంటనే తడుతుంది. రెండోది, ఆయన పేరుతో తిరిగే కొటేషన్లను నమ్మకండి. తరచుగా నవ్వడమే విజయం అంటూ సాగే ప్రసిద్ధమైన ముక్క ఆయనది కాదు, బెస్సీ స్టాన్లీ అనే ఆవిడ 1905 ప్రాంతంలో రాసినదాని నుంచి వచ్చింది. దారి ఉన్నచోటికి వెళ్ళకు, దారి లేనిచోట నడిచి గుర్తు వదులు అన్నది కూడా ఆయన రచనల్లో దొరకదు. మూడోది, ప్రయాణాలు చేస్తే బాగుపడతానన్న భ్రమ మీద ఆ వ్యాసంలో ఉన్న పేరా చదవండి; ఎక్కడికెళ్ళినా నా భూతం నాతోనే వస్తుందంటాడు. ఉద్యోగం మారితే అన్నీ మారతాయనుకునేవాళ్ళకు అది సరిగ్గా సరిపోతుంది. నాలుగోది, ఇంగ్లీషులో కష్టంగా ఉంటే పేరా చొప్పున చదవండి. వాక్యానికీ వాక్యానికీ లంకె కనబడకపోవడం మీ లోపం కాదు, డైరీ ముక్కలు అతికించిన చోట అతుకులు అలాగే కనబడతాయి.

ఇక మీ ఉద్యోగం. నాకు మీ పరిస్థితి పూర్తిగా తెలియదు కాబట్టి మానమనీ మానొద్దనీ అనను. నోటుబుక్కు ఇవాళే మొదలుపెట్టండి. ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉందో మొదటి పేజీలో రాయండి. నచ్చిన పనిని ఉద్యోగం చేస్తూనే వారానికి కొన్ని గంటలు చేసి చూడండి. ఎవరికీ చెప్పకుండా చేయండి, ఎందుకంటే చెప్పకుండా చేయగలుగుతున్నారా లేదా అన్నదే అహంకారం సంగతి సగం తేల్చేస్తుంది. ఇంట్లోవాళ్ళ అభ్యంతరాలను వాళ్ళ మాటల్లోనే, వెటకారం లేకుండా ఒక పేజీలో రాయండి. అందులో భయం ఎంత, మీరు చూడని నిజం ఎంత అన్నది అప్పుడు విడదీయొచ్చు.

సాయం తీసుకోవాల్సి వస్తే సిగ్గుపడకండి. 1872 జులైలో కాంకర్డ్‌లో ఎమర్సన్ ఇల్లు తగలబడింది. అప్పటికే జ్ఞాపకశక్తి సన్నగిల్లుతోంది. ఊళ్ళోవాళ్ళు పరుగున వచ్చి పుస్తకాలు, కాగితాలు మంటల్లోంచి బయటికి చేర్చారు. స్నేహితులు చందాలు వేసుకుని, కూతురు ఎలెన్‌ను తోడిచ్చి యూరప్, ఈజిప్టు పంపించారు. ఈలోగా ఇల్లు మళ్ళీ కట్టారు. మొదట ఆ డబ్బు తీసుకోవడానికి ఆయన మొహమాటపడ్డాడు, తర్వాత తీసుకున్నాడు. 1873 మేలో రైలు దిగేసరికి చర్చి గంటలు మోగుతున్నాయి, బ్యాండు వాయిస్తున్నారు, బడిపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఆయన్ని ఇంటిదాకా ఊరేగింపుగా తీసుకెళ్ళారు.

మూడు నెలల తర్వాత ఆ నోటుబుక్కులో ఏం తేలిందో వీలైతే ఇక్కడే రాయండి. నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.